నిస్తంత్రి వేగులు – వాని మౌనము

వానకాలపు రాత్రులందు లాంతరు పట్టుకొని చెఱువుకట్టమీద తిరుగు నీరటిని కన్నులార చూచినవారు శ్రోతలలో నింకను కొందఱైన నుందురు. మా చొప్పదండి ప్రాంతమున చెఱువు లొంటరిగా నుండవు. పై చెఱువు అలుగు దుమికిన నీరు క్రింది చెఱువును చేరును. అది నిండినపిమ్మట మఱియొకదానికి పోవును. కాకతీయుల కాలమునుండి వచ్చిన యీ యమరికకు గొలుసుకట్టు అని పేరు. గొలుసులో నొక కొలికి తెగినచో దాని క్రిందివి కూడ తెగు భయము కలదు. కావున తూము తెఱచుట, మూయుట మాత్రమే నీరటి పని కాదు. కట్టకు గండి పడునట్లు తోచినతోడనే క్రింది యూరికి కబురు పంపుటయు నతని పనియే. క్రింది యూరి నీరటి యా కబురు విని, తన కట్ట చూచుకొని, ఇంకను క్రింది యూరికి దానిని పంపవలెను.

ఇం దొక చిక్కు కలదు. అర్ధరాత్రి దాటినది. పై యూరినుండి కబురేమియు రాలేదు. దీని కర్థమేమి? పై కట్ట క్షేమముగా నున్నదనియా? కబురు తెచ్చు మనిషి వాగు దాటలేక ఆవలిగట్టున నిలిచిపోయెననియా? లేక పై నీరటియే కొట్టుకొనిపోయెననియా? ఈ మూటిలో నేది నిజమైనను క్రింది నీరటికి తెలియవచ్చునది యొక్కటియే: మౌనము. నేను నేడు చెప్పబోవు చరిత్ర యీ మౌనమునకు అర్థము తెలిసికొనుటకై మనుష్యులు పడిన పాట్ల చరిత్ర.

ఇప్పుడు నీరటి నిలిచిన చోట యంత్రములు నిలుచుచున్నవి. వానను, నీటిమట్టమును, నేల తేమను, భూమి యదురును కనిపెట్టి, తీగ లేకయే రేడియో తరంగములమీద ఆ వార్తను దూరమునకు పంపు చిన్న యంత్రములవి. పాశ్చాత్యులు వీనిని సెన్సార్లందురు. అనేకములు కూడి, ఒకదాని వార్త నొకటి యందుకొని ముందునకు పంపు నేర్పాటునకు వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్కు అని పేరు. నేను వీనిని నిస్తంత్రి వేగులని పిలిచెదను. రాజనీతిలో వేగనగా తిరిగి చూచి వచ్చి ఏలికకు చెప్పువాడు. ఈ యంత్రము చేయునదియు నంతియే. దీని దేహమున నాలుగంగములు కలవు: చూచు నింద్రియము, లెక్క కట్టు చిన్న మెదడు, మాటలాడు రేడియో, వీనినన్నిటిని పోషించు బ్యాటరీ. ఈ నాలుగవది తక్కిన మూటికిని యజమాని. అది యడుగంటిననాడు వేగు మరణించును. మరణించితినని చెప్పుటకు దానికి నోరుండదు.

మన మీమాంసకులలో భాట్టమతస్థులు ప్రమాణము లాఱని చెప్పుదురు. వానిలో నాఱవది యనుపలబ్ధి, అనగా కనబడకపోవుట. గదిలో కుండ లేదని మన మెట్లెఱుగుదుము? కనబడలేదు గనుక. అయితే చీకటిగదిలోనికి తొంగిచూచి కుండ కనబడలేదు గాన కుండ లేదనిన నవ్వుదురు గదా. అందువలన పెద్దలు యోగ్యానుపలబ్ధి యని యొక విశేషము చేర్చిరి. దీపముండవలెను, కన్నులు బాగుండవలెను, కుండ యుండినయెడల తప్పక కనబడి యుండెడిదని చెప్పగలుగవలెను. అట్టి యోగ్యత గల కనబడమియే లేమికి ప్రమాణము. విద్యార్థిదశలో నీ భాగము చదువుకొనునపుడు ఇది కేవలము వాదమునకు పనికివచ్చు సూక్ష్మమని యనుకొంటిని. నిస్తంత్రి వేగులను గుఱించి చదువ నారంభించినపిమ్మట, ఈ శాస్త్రమున నమ్మకము అను పేర జరిగిన పరిశోధనలో పెద్దపాలు చీకటిగదిలో దీపము పెట్టు ప్రయత్నమేయని తోచినది.

వానను కొలుచుట మనకు క్రొత్త గాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోష్ఠాగారమునందు మూరెడు వెడల్పు మూతి గల పాత్రను వర్షమానముగా నుంచవలెనని విధించెను. ఏ దేశమున నెంత వాన కురియునో ద్రోణములలో చెప్పుచు, అశ్మక దేశమునకు పదుమూడున్నర ద్రోణము లనెను. ఆ యశ్మకమునకు రాజధానియైన పోదనమును చరిత్రకారులు నేటి బోధనుగా గుర్తించిరి. అనగా గోదావరి వెంబడి మాకు పొరుగు సీమయే. వరాహమిహిరుడును బృహత్సంహితయందు వాన కొలుచు విధము చెప్పెను. కాని కొలుచుట వేఱు, కొలత తగిన వేళకు తగిన చోటికి చేరుట వేఱు. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వఱద హైదరాబాదును ముంచినపుడు, అంతకుముందు శంషాబాదు ప్రాంతమున ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినది. నదీపరీవాహమునందలి 788 చెఱువులలో 221 తెగిపోయినవి. ఈ లెక్కలు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి శోధించినపిమ్మట మనకు దక్కినవి. ఆ లెక్కలవలన ఉస్మానుసాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు వెలసినవి, నిజమే. కాని ఆ రాత్రి నదియొడ్డున నిద్రించినవారికి పై చెఱువులు తెగుచున్నవను వార్త అందలేదు. వేలమంది మరణించిరి.

తీగ లేకుండ సంకేతము పంపవచ్చునని మన జగదీశచంద్ర వసువు 1895లో కలకత్తాలో గోడల కావల గంట మ్రోగించి చూపెను. అయినను కొలత తనంతట తానే గాలిలో పయనించి వచ్చుట 1929 జనవరిలో జరిగినది. ఫ్రాన్సు దేశీయుడు రోబేర్ బ్యూరో బెలూనునకు ఉష్ణమాపకమును, చిన్న రేడియోను కట్టి పైకి విడిచెను. అది యెగయుచు మేఘముల పైనుండి తన లెక్కలు తానే చెప్పినది. మఱుసటి యేడు రుష్యాలో మొల్చనోవు అట్టిదానినే పంపెను. ఇప్పటికిని వాతావరణశాఖవారు ప్రతిదినము విడుచు రేడియోసోండు అను యంత్రము దాని సంతతియే. మౌనము చిక్కు దీని విషయమున లేదు. బెలూను పగులును, మాట ఆగును. అందఱకు దాని కారణము తెలియును.

రెండవ మహాయుద్ధమున జర్మనులు చేసిన పని యట్టిది కాదు. 1943 అక్టోబరులో వారి జలాంతర్గామి యొకటి కెనడాదేశపు లాబ్రడారు తీరమున రహస్యముగా నాగి, మనుష్యులు లేని యొక స్వయంచాలక వాతావరణ కేంద్రమును గట్టుమీద నెలకొల్పి వెడలిపోయెను. దానికి కుర్ట్ అని పేరు. ఎవరైన చూచిన అనుమానింపకుండుటకై దాని డబ్బాలపై కెనడా వాతావరణశాఖ పేరును పోలిన పేరు వ్రాసిరి. చుట్టును అమెరికా సిగరెట్టు పెట్టెలు చల్లిరి. అది గాలి, చలి, పీడనము కొలిచి నియమిత వేళలందు రేడియోలో చెప్పవలెను. బ్యాటరీలు నెలల తరబడి చాలునట్లే యమర్చిరి. కొన్ని దినములు పలికినది. పిమ్మట దాని మాట వినరాలేదు. బ్యాటరీ చెడెనో, చలికి గడ్డకట్టెనో, శత్రువుల కంటబడెనో, మఱియొక రేడియో దాని గొంతు నొక్కెనో, సముద్రము కావల కూర్చుండి వినువారికి తెలియు నుపాయము లేదు. కెనడావారికో, తమ గడ్డపై నట్టిదొకటి కలదని 1981లోగాని నిశ్చయము కాలేదు. అప్పు డా డబ్బాలను వెలికితీసి తమ యుద్ధప్రదర్శనశాలకు చేర్చిరి.

ఒక్క వేగు పలికినపుడే యిన్ని సందేహములైన, పదులకొలది యొక్క గాలిలో పలికిన నేమగును? బడిపంతులెవరైన దీనికి జవాబు చెప్పగలడు. ప్రశ్న వేసినతోడనే ముప్పదిమంది పిల్లలు నొక్కపెట్టున బదులు చెప్పిన, ఒక్క బదులును వినబడదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ దీవులలోని కంప్యూటర్లను రేడియోతో కలిపి, అలోహా అను నేర్పాటు చేసెను. అందొక సుళువైన నియమము: చెప్పదలచినవాడు చెప్పివేయవలెను, విన్నవాడు విన్నట్లు బదులు పంపవలెను, ఆ బదులు రానియెడల మాట మఱియొకరి మాటతో ఢీకొన్నదని తలచి, తోచినంతసేపు ఆగి తిరిగి చెప్పవలెను. అందఱు నొక్క లెక్కగా ఆగిన తిరిగి ఢీకొందురు గనుక, ఆగుట యెవరికి వారికి యాదృచ్ఛికముగా నుండవలెను. ఇట్లు చేసిన గాలిలోని కాలమున నూటికి పదునెనిమిది పాళ్లకు మించి సద్వినియోగము కాదని గణితమున తేలినది. వృథా చాలగలదు. అయినను ఈ యేర్పాటువలన నొక గొప్ప ధర్మము స్థిరపడినది: చెప్పితినను తృప్తి చెప్పినవానికి చాలదు, విన్నానను బదులు వచ్చువఱకు మాట ముగియలేదు.

1990వ దశాబ్దము చివర అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున క్రిస్ పిస్టర్ అను నాచార్యుడు, ఘనమిల్లీమీటరు పరిమాణమున వేగులను చేసి ధూళివలె వెదజల్లవచ్చునని యొక యూహ చేసెను. దానికి స్మార్ట్ డస్టు అని పేరు పెట్టిరి; తెలివిగల ధూళి యనుకొనవచ్చును. ధూళియంత చిన్నవి కాకున్నను, అగ్గిపెట్టెకు కొంచెము పెద్దవి నిజముగానే తయారైనవి. 2002లో మెయిన్ రాష్ట్రపు తీరమున గ్రేట్ డక్ అను దీవిలో, భూమిలో బొరియలు త్రవ్వి గ్రుడ్లుపెట్టు సముద్రపక్షుల వేడిమిని తెలిసికొనుటకు ముప్పదికి పైగా నట్టివానిని బొరియలందును, వాని వెలుపలను నుంచిరి. మనుష్యులు పోయి చేయి పెట్టినయెడల పక్షులు గూడు విడుచును గదా. వేగులయెడల నా భయము లేదు. ఆలోచన మంచిది. కాని వాన, ఉప్పుగాలి, బురద యంత్రములలో జొఱబడి కొన్నిటి నోళ్లు మూసినవి. మఱికొన్ని చావకమునుపు అసంబద్ధములైన లెక్కలు పలికినవి. జ్వరపీడితుడు పలుకు మాటలవలె నవి కొంతకాలము చెప్పుచుండుట చూచి, ఏ యంత్రము చావనున్నదో ముందుగా నూహింపవచ్చునని పరిశోధకులు గ్రహించిరి. ప్రయోగశాలలో మౌనమొక యంకె మాత్రమే. దీవిలో దానికి బురద, ఉప్పు అను పేర్లున్నవి.

ఇక అంచెల మాట. చిన్న బ్యాటరీ గల వేగు దూరమునకు కేకవేయలేదు. కావున పూర్వము టపా మోయువారు మూట చేతులు మార్చినట్లు, ఒక వేగు మాటను ప్రక్క వేగు అందుకొని ముందునకు పంపును. ఇం దొక చిన్న లెక్క చూడుడు. ఒక్కొక యంచెలో పది మాటలకు తొమ్మిది చేరుననుకొందము; వినుటకు బాగుగనే యున్నది. అట్టి యంచెలు పది దాటవలసివచ్చిన, నూఱు మాటలలో ముప్పదియైదు మాత్రమే గమ్యము చేరును! అదే ప్రతి యంచెయందును బదులు రానిచో నొక్కమాఱు తిరిగి చెప్పు వీలున్న, నూటికి తొంబది చేరును. రెండుమాఱులు తిరిగి చెప్పు వీలున్న, తొంబదితొమ్మిది. మొదటివాడు కడపటివానినుండి బదులు రాలేదని తిరిగి మొదటినుండి పంపుట దండుగ; ప్రతి యంచెవాడును తన ముందువానికి తానే పూటపడవలెను. మఱి యెన్నిమాఱులైన చెప్పవచ్చును గదా యందురా? మాటలాడుట యీ యంత్రమునకు లెక్క కట్టుటకంటె నెన్నోరెట్లు ఖర్చు. ఊరక చెవియొగ్గి యుండుటయు దాదాపు మాటలాడినంత ఖర్చే. అందుచేత నివి కాలమున నధికభాగము నిద్రించుచు, నిర్ణీత క్షణమున మేల్కొని, ఒకదానితో నొకటి మాటలాడి, తిరిగి నిద్రించును. ఒకటి మేల్కొన్నవేళ రెండవది నిద్రించుచున్న నా మాట గాలిపాలే.

2002లో వాన్, కాంప్‌బెల్, లక్ష్మణ్ కృష్ణమూర్తి అను మువ్వురు, మెల్లగా పంపుము, త్వరగా అడిగి తెచ్చుకొనుము అను పద్ధతి నొకదానిని ప్రకటించిరి. వార్తను ముక్కలు చేసి వరుస సంఖ్యలు వేసి నిదానముగా పంపుదురు. నాలుగు, ఐదు వచ్చి, ఆఱు రాక, ఏడు వచ్చిన, వినువాడు తడవు చేయక ఆఱవదానికై ప్రక్కవానిని అడుగును; అది చేతికి రానిదే ముందునకు పంపడు. చక్కని యుపాయము. ప్రతిమాటకు బదులు పంపు ఖర్చు తప్పినది, లోపించినదానికి మాత్రమే అడుగుట మిగిలినది. కాని వరుసలో కట్టకడపటి ముక్కయే పోయిన? దాని తరువాత నేదియు రాదు గనుక ఖాళీ కనబడదు. వార్త ముగిసినదో తెగినదో తెలియదు. మొదట చెప్పిన చీకటిగది మరల వచ్చినది! వారు దీని నెఱుగకపోలేదు. కొంతసేపు చూచి, ఇంకను రావలసినది కలదేమోయని తానే యడుగు నియమము చేర్చిరి.

ఆ మఱుసటి సంవత్సరము జార్జియా సాంకేతిక విద్యాలయమున శంకరసుబ్రమణ్యము, అకాన్, అక్యిల్దిజ్ అనువారు వేఱొక త్రోవ త్రొక్కిరి. ప్రతి వేగు చెప్పు ప్రతిమాటయు చేరవలెనను పట్టెందులకు? అగ్ని పుట్టినదా లేదా యనునది మనకు కావలెను. చూచినవారు పదిమందిలో తగినంతమంది చెప్పిన సంగతి స్థిరపడును; తక్కువైన నెక్కువ చెప్పుమనవలెను, గాలి క్రిక్కిఱిసిన తక్కువ చెప్పుమనవలెను. ఇది ధర్మశాస్త్రములలోని సాక్షి ప్రకరణమునకు దగ్గఱ చుట్టము. నాకీ మార్గమే యెక్కువ నచ్చును. ఏలయన మౌనముకంటె చెడ్డదొకటి కలదు. అది అబద్ధపు పలుకు. సాక్షులు పలువురున్నగాని అది పట్టుబడదు.

దీనికి దూరము పోనక్కఱలేదు. నేటి వర్షమాపకములలో త్రాసువలె నూగు రెండు చిన్న దొప్పలుండును. ఒకటి నిండగానే బరువునకు వాలి నీరు పాఱబోయును, రెండవది దాని స్థానమునకు వచ్చును. ఎన్నిమాఱులు వాలెనో యంత్రము లెక్కించును. ఇంగ్లండులో క్రిస్టఫర్ రెన్ పదునేడవ శతాబ్దమున చేసిన యుపాయమే యిది. ఒక వానకాలమున మా యింటి వాకిట నీళ్లు పిక్కలబంటి నిలిచియుండగా, కొంత దూరములోని యొక గ్రామమునందలి మాపకము సున్న యని చెప్పినది. ఆ యూరివారు నవ్విరి. తరువాత చూడగా గరాటులో వేపాకులు కూరుకొని యున్నవట. యంత్రము బ్రతికియే యున్నది, మాటయు చక్కగా చేరినది, బదులును వచ్చినది. అలోహా నియమములన్నియు నెఱవేఱినవి. చెప్పినది మాత్రము అసత్యము. నేను బడిలో హాజరు పిలుచునపుడు పలుకని బాలుడు రాలేదో నిద్రించుచున్నాడో తల యెత్తి చూచినచో తెలిసెడిది. రానివానికి బదులుగా ప్రక్కవాడు పలికినపుడే చిక్కు. చుట్టుపట్ల మూడు మాపకములు కుంభవృష్టి యనుచు నడిమిది సున్న యనినచో, నడిమిదానిని శంకింపవలెనను బుద్ధిని ఇప్పుడు కంప్యూటర్లకు నేర్పుచున్నారు.

మన దేశమున నీ వేగుల కథ ఆకాశమునుండి మొదలైనదనవచ్చును. 1983 ఆగస్టులో పైకి పోయిన ఇన్సాట్-1బి ఉపగ్రహమున, మనుష్యులు లేని చోట్లనుండి వచ్చు వాతావరణపు కొలతల నందుకొని క్రిందికి పంపు సాధనమొకటి యుండెను. నేలమీద పొలములలోనికి వేగులు దిగినది 2004 ప్రాంతమున. కర్ణాటకమున తెలుగు విరివిగా వినబడు పావగడ తాలూకాలో, చెన్నకేశవపురమను గ్రామమున, బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థవారును స్విట్జర్లండు లోజాన్ విద్యాలయమువారును కలసి, వానపై నాధారపడిన వేరుసెనగ రైతులకై నేల తేమను తెలుపు వేగులను నాటిరి. అనంతపురపు టెండకు చెల్లెలైన యెండ యది. బర్క్‌లీలో చేసిన యంత్రము లక్కడి మట్టికి, ఎండకు, కరెంటు కోతలకు అలవాటుపడుట సులభము కాలేదు. కేరళమున మున్నారు కొండలలో అమృత విశ్వవిద్యాపీఠమువారు, భూమిలో లోతుగా రంధ్రములు త్రవ్వి నీటి పీడనమును కొలుచు వేగులను దింపి, 2009 జులైలో కొండచరియ జాఱవచ్చునని ముందుగా హెచ్చరింపగలిగిరి. అక్కడి కష్టము చూడుడు: వేగు మాట మిక్కిలి యవసరమగునది కుండపోత వానలో, సూర్యపలకకు వెలుతురు లేనిదియు, గాలిలో మాట బలహీనమగునదియు నా వానలోనే.

మౌనమునకు సరియైన యర్థము దొరకిన సందర్భ మొకటి మన హైదరాబాదుననే జరిగినది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తరువాత, అచ్చటి భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రమునందు 2007 అక్టోబరు 15న సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొల్పిరి. సముద్రపుటడుగున నుంచిన పీడనమాపకము పైని నీటి యెత్తులో నొక్క సెంటీమీటరు మార్పునైన కనిపెట్టును. నీటిలో రేడియో పాఱదు గనుక, ధ్వని రూపమున పైన తేలు బోయాకు చెప్పును. బోయా ఉపగ్రహమునకు, ఉపగ్రహము హైదరాబాదునకు చెప్పును. విశేషమేమనగా, అలలు లేనపుడును నియమిత కాలమున కొకమాఱు నీటి లెక్క చెప్పుచునే యుండును. అదరు కలిగిన మఱింత త్వరత్వరగా చెప్పును. 2012 ఏప్రిల్ 11న సుమత్రా పడమటి సముద్రమున 8.6 తీవ్రత గల భూకంపము వచ్చినపుడు తీరమంతయు గడగడలాడినది. ఆనాడు భూమి ప్రక్కకు జరిగినదేగాని నిలువున లేవలేదు. ఈ సంగతిని మాపకములు సాగరమధ్యమునుండి చెప్పినవి. నీటి లెక్కలు వచ్చుచునే యున్నవి, వానిలో పెద్ద యల లేదు. ఆ లెక్కల బలమున, మన తూర్పుతీరమున జనులను పెద్ద యెత్తున తరలింపనవసరము లేదని కేంద్రమువారు నిర్ణయింపగలిగిరి. కుండ లేదు; దీపమున్నది గనుక లేదని చెప్పగలిగిరి. ఆ దీపమున కపాయము తఱచుగా తుపానునుండి కాక, బోయాలకు పడవలు కట్టి చేపలుపట్టువారినుండి కలుగుచుండుట వేఱు సంగతి.

ఇప్పుడు మరల గోదావరీతీరమునకు వత్తము. తెలంగాణమున రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘమువారి స్వయంచాలక వాతావరణ కేంద్రములు వేయికి పైగా కలవు. ఎన్నియో మండలములకు రెండేసి వంతున వచ్చును. సూర్యపలక, దొప్పల మాపకము, మొబైలు ఫోనువంటి రేడియో, ఇంతియే వాని సామగ్రి. 2023 జులై 27న ఉదయము ఎనిమిదిన్నర వఱకు ఇరువదినాలుగు గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలోని కేంద్రము 649.8 మిల్లీమీటర్ల వాన నమోదు చేసినది. రెండడుగులు దాటిన నీరది! మా కరీంనగరమున సంవత్సరమంతయు కురియు వాన సుమారు 900 మిల్లీమీటర్లు. తెలంగాణమున అంతకుముందు హెచ్చైన లెక్క 2013 జులై 19న వాజేడులో కురిసిన 517.5. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో నా రోజుననే 600 మిల్లీమీటర్లు దాటినది. ఆ కాళరాత్రి, ఆ గాలివానలో, దొప్ప వాలినకొలది యొక్కొక లెక్క వేసికొనుచు, మనుష్యుడు నిలువలేని చోట నిలిచి, ఆ చిన్న యంత్రములు తమ మాట తప్పలేదు. వానిని తలచుకొన్నపుడు నాకు గౌరవము కలుగును.

అదే తెల్లవాఱుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి సమీపమునందలి మోరంచపల్లెను ముంచెత్తినది. జనులు డాబాలెక్కి, చెట్లెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. కొందఱిని హెలికాప్టర్లు వచ్చి తీసికొనిపోయినవి. కొందఱు కొట్టుకొనిపోయిరి. ఏటూరునాగారము వైపున జంపన్నవాగు కొండాయి గ్రామమునుండి మనుష్యులను పొట్టనపెట్టుకొన్నది.

దొప్పనుండి మెదడునకు, మెదడునుండి టవరునకు, టవరునుండి హైదరాబాదునకు నడచిన యంచెలలో ప్రతిదానికిని బదులు మాట యున్నది. అందలేదని తెలిసిన తిరిగి చెప్పు నియమమున్నది. వేయిమంది పండితులు ముప్పదియేండ్లు శ్రమించి చేర్చిన నియమములవి. హైదరాబాదునుండి వాగుగట్టున నిద్రించు ముసలిదానికి చేరవలసిన కడపటి యంచె కా నియమము లేవి? ఫోనులోనికి హెచ్చరిక పోవును. పోయెనని పంపినవారి పుస్తకమున వ్రాయబడును. ఆమె చూచెనో, ఫోను ఆఱిపోయి యుండెనో, చదువ నేర్చునో, ఎవరు బదులు పలుకుదురు? 2022 జులై 14న కడెము జలాశయమునకు దాని ద్వారములు మోయగల మూడు లక్షల క్యూసెక్కులను మించి సుమారు ఐదు లక్షల వఱద వచ్చి, పదునెనిమిది ద్వారములలో నొకటి తెఱచుకొననపుడు, క్రింది గ్రామముల ప్రజలను మనుష్యులే ఇల్లిల్లు తిరిగి ఖాళీ చేయించిరి. అక్కడ వార్త మోసినది మనిషి కాలు. మోరంచపల్లెలో నా కాలు నడచుటకు వేళ చాలలేదు.

నా చిన్ననాట మా యూర సుంకరి డప్పు కొట్టి చాటెడివాడు. కాలువకు నీరు వదలుదురనియో, చెఱువు అలుగు పడినదనియో, రేపు వాగు దాటవలదనియో ఆ చాటింపు. అతడు చాటుచు నేరుగా నడచిపోయెడివాడు కాడు; ప్రతి వాడ మొగదలను ఆగి, డప్పు నిలిపి, “ఇన్నరా?” అని అడిగెడివాడు. లోపలినుండి మా నాయన “ఇన్నం” అని పలికెడివాడు. వానచప్పుడులో ఆ బదులు వినబడనియెడల సుంకరి అరుగెక్కి తలుపు తట్టెడివాడు. లోపలివారు లేచి పలికినగాని అతని డప్పు ముందువాడకు కదలెడిది కాదు.